గుట్ట మీద ఇల్లు, కౌంటీ డిజైన్ రివ్యూ: అడ్డం పడుతున్నది మామగారి వాస్తేనా?

ప్రశ్న: మేం చాలా ఏళ్లుగా శాన్‌హోసేలో ఉంటున్నాం. రెండేళ్ల కిందట తూర్పు గుట్టల్లో, అలమ్ రాక్ పైన మౌంట్ హామిల్టన్ రోడ్డు వైపు 22 ఎకరాలు కొన్నాం. సిటీ పరిధి కాదు, శాంటా క్లారా కౌంటీ. రెండంతస్తుల ఇల్లు, 5,800 చదరపు అడుగులు, తెల్ల రంగు, ఊరి వైపు మొత్తం అద్దాలు, ఇదీ ప్లాన్. అత్తయ్య, మామయ్యగార్లకు వేరే చిన్న ఇల్లు, రెండు మూడు ఆవులకు షెడ్డు కూడా అనుకున్నాం. ఈశాన్యం వాలు అక్కడే ఉందని మామయ్యగారు గుట్ట నెత్తినే స్థలం ఖాయం చేశారు. వెనక వైపు కూడా చదును ఉంది కానీ అక్కడి నుంచి ఊరి లైట్లు కనిపించవు. అప్లికేషన్ పెడితే కౌంటీ నుంచి 'ఇన్‌కంప్లీట్' అంటూ పెద్ద ఉత్తరం వచ్చింది. రంగు మార్చాలట, కప్పు ఎత్తు తెలిసేలా కర్రలు పాతాలట, ఇంటిని రిడ్జ్‌లైన్ కిందకు జరపడం పరిశీలించాలట. పక్క స్థలం ఆయన వ్యతిరేకిస్తూ ఈమెయిల్ పెట్టాడు. మా స్థలం, మా డబ్బు, రంగు కూడా వాళ్లే చెప్పాలా? ఇండియన్స్ అనే ఇలా చేస్తున్నారా? స్థలానికి ఏపీఎన్ (పార్సెల్) నంబర్ ఉంది, ట్యాక్స్ కడుతున్నాం, ఇంకేం కావాలి? ముందు బార్న్ (పశువుల కొట్టం) పేరుతో కట్టేసి తర్వాత ఇల్లుగా మార్చుకోమని ఒక ఫ్రెండ్ సలహా. మావారేమో లాయర్ని పెడదాం అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. – ఒక పాఠకురాలు, శాన్‌హోసే

సమాధానం: ముందు లాయర్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దమ్మా. 'ఇన్‌కంప్లీట్' అంటే కాదనడం కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అప్లికేషన్ అందిన 30 రోజుల్లోపు అది పూర్తిగా ఉందో లేదో, లేకపోతే ఏమేం తక్కువయ్యాయో కౌంటీ రాతపూర్వకంగా చెప్పి తీరాలి. మీకు వచ్చింది ఆ జాబితా. అందులో ఎక్కడా 'తిరస్కరించాం' అనే మాట ఉండదు, చూసుకోండి. అసలు నిర్ణయమే జరగనప్పుడు లాయర్ దేని మీద పోట్లాడతాడు? గంటకింత అని బిల్లు మాత్రం వేస్తాడు.

ఇక రంగు. హైదరాబాద్‌లో ఇల్లు కడితే సెట్‌బ్యాక్ ఎంత, ముందు రోడ్డు వెడల్పు ఎంత, ఎన్ని అంతస్తులు అని అడుగుతారు. గోడలకు ఏ రంగు వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. అందుకే మన వాళ్లకు ఇది అవమానంగా తోస్తుంది. కానీ మీరు కొన్నది ఊళ్లో ప్లాటు కాదు, ఊరందరికీ కనిపించే గుట్ట. లోయలోంచి కనిపించే కొండవాలు మీద కొత్త కట్టడాలు కొట్టొచ్చినట్టు కనిపించకూడదని కౌంటీ జోనింగ్‌లో డీ1 అనే ప్రత్యేక పట్టీ ఉంది. శాంటా క్లారా వ్యాలీ వ్యూషెడ్ అంటారు. ఆ పట్టీలో ఎవరు కట్టినా ఇదే పరీక్ష, దాన్నే డిజైన్ రివ్యూ అంటారు. మీ పక్కాయన రేపు కొత్త ఇల్లు కట్టుకుంటే ఆయనకూ ఇదే.

పైగా రంగు విషయంలో కౌంటీ ప్లానర్ తన ఇష్టం చెప్పడం లేదు, అంకె చెబుతోంది. పెయింట్ షాపులో ఇచ్చే రంగుల చీటీ వెనక్కి తిప్పండి. పేరు కింద చిన్న అక్షరాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక సంఖ్య ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుతురును తిప్పి కొడుతుందో చెప్పే కొలత అది. కారు నలుపుకు సున్నా, స్వచ్ఛమైన తెలుపుకు నూరు. డీ1లో గోడలకూ కప్పుకూ 45 దాటకూడదు. మీరు అనుకున్న తెలుపు ఏ కంపెనీదైనా మామూలుగా 80 పైనే ఉంటుంది. 45 లోపు అంటే మట్టిరంగే గతి అనుకోకండి. కావి, ముదురు ఇటుక, ఎండుగడ్డి రంగు, ఆలివ్ ఆకుపచ్చ అన్నీ అందులో వస్తాయి. వేసవంతా ఎండిన గడ్డితో పసుపుగా, వానలు పడ్డాక కొన్ని నెలలు పచ్చగా ఉండే ఆ గుట్టల మీద రెండు కాలాల్లోనూ ఇమిడే రంగు కావి. మన ఊళ్లో అరుగులకు వేసుకున్న రంగే కాబట్టి మామగారు కూడా కాదనరు.

ఇండియన్స్ అనేనా అన్నారు. ఉత్తరంలో మీరు చెప్పిన మూడు కోరికలూ మామూలువే, అందరినీ అడిగేవే. అయితే కౌంటీ పెట్టే హియరింగ్‌లో (బహిరంగ విచారణలో) ఎవరైనా 'ఇంత పెద్ద కుటుంబం', 'గుడి కడతారేమో' లాంటి మాటలు మాట్లాడితే అది వేరే సంగతి. కుటుంబంలో ఎంతమంది ఉంటారు, ఏ దేవుడికి మొక్కుతారు అన్నవి డిజైన్ రివ్యూలో పరిశీలించే విషయాలు కావు. అలాంటిది వినపడితే అక్కడే వాదనకు దిగకుండా, ఈ మాటల ఆధారంగా నిర్ణయం తీసుకోవడం లేదని రికార్డులో నమోదు చేయమని మర్యాదగా అడగండి. ఇంట్లో పూజగదికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారం వారం వందమందితో భజనలు పెట్టే ఆలోచన ఉంటే మాత్రం దానికి వేరే పర్మిట్ అడుగుతారు. అది ఇప్పుడే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ గొడవంతా ఇంటి రంగు గురించి కాదు, ఇంటి స్థలం గురించి. డిజైన్ రివ్యూ అనగానే మన వాళ్లు ఎలివేషన్ బాగుందా లేదా అన్న పోటీ అనుకుంటారు. ఖర్చు పెట్టి ఇంకా మంచి త్రీడీ బొమ్మలు గీయించి పంపుతారు. ఆ బొమ్మలన్నీ ఇంటి ముందు గడ్డిలో నిలబడి చూసినట్టుంటాయి. ప్లానర్ చూసేది అక్కడి నుంచి కాదు, కింద లోయలోంచి.

అందుకని ఒక సాయంత్రం మీరిద్దరూ మామగారిని కూడా కారెక్కించుకుని కిందకు దిగండి. అలమ్ రాక్ అవెన్యూ మీద ఒకచోట, 101 హైవేకి అటు పక్క ఇంకోచోట ఆగి మీ గుట్టను వెతకండి. ముందే పైన ఎవరినైనా నిలబెట్టి, ఇల్లు వచ్చే చోట పొడవాటి కర్రకు ఆరెంజ్ గుడ్డ కట్టి ఎత్తి పట్టుకోమనండి. గుడ్డ వెనక మీకు ఏం కనిపిస్తోంది? కొండ కనిపిస్తే మీ ఇల్లు కొండలో కలిసిపోతుంది. ఆకాశం కనిపిస్తే మీ ఇల్లు గుట్ట అంచును చీల్చుకుని పైకి లేస్తుంది. కౌంటీ ఉత్తరంలో రిడ్జ్‌లైన్ అన్నది ఆ గీతనే. తర్వాత కౌంటీ పాతమనే కర్రలు కూడా దీనికే. కప్పు మూలల దగ్గర, కొప్పు దగ్గర నిలువు గుంజలు పాతి, వాటి మధ్య వెడల్పాటి ఆరెంజ్ వల లాగి కడతారు. ఎత్తులు సరిగ్గా ఉన్నాయని సర్వేయర్ సంతకం పెడతాడు. స్టోరీ పోల్స్ అంటారు. వాటికి అయ్యే ఖర్చు చిన్నదేం కాదు. తప్పు చోట పాతి, అందరూ చూశాక పీకేసి ఇంకోచోట పాతడం కంటే, గుడ్డ కట్టిన కర్రతో ముందే మీరే చూసుకోవడం మేలు.

మామగారి వాస్తు దగ్గరికి వద్దాం. ఈశాన్యం పల్లం, నైరుతి మెరక ఉండాలన్నది ఆయన పట్టు. మీ గుట్టల భూగోళం చూడండి. ఊరు మీకు పడమర, నైరుతి వైపు ఉంది. ఊరి వైపు వాలు మీద ఎక్కడ కట్టినా నైరుతే పల్లమవుతుంది. అందుకని ఆయన నెత్తిన చదును ఎంచుకున్నారు, అక్కడైతే ఈశాన్యం కాస్త వాలుతోంది కాబట్టి. కానీ నెత్తి మీద అన్ని వైపులా పల్లమే కదా, నైరుతితో సహా! ఇక మీరు 'లైట్లు కనిపించవు' అని ఒక్క ముక్కలో కొట్టిపారేసిన ఆ వెనక చదును సంగతి. గుట్ట దాటాక అవతలి వైపు అంటే తూర్పు వాలు. అక్కడ ఇంటికి నైరుతిలో గుట్ట వీపు నిలబడుతుంది, ఈశాన్యం కిందకు జారుతుంది. సింహద్వారం తూర్పుకు పెట్టుకోవచ్చు. శాస్త్రం అడిగింది అచ్చంగా ఆ చోటే ఉంది. కౌంటీ అడిగేది కూడా అదే, ఎందుకంటే అక్కడ కట్టిన ఇల్లు లోయలోంచి కనిపించదు.

అంటే అడ్డం పడుతున్నది మామగారి వాస్తు కాదు, మీ దంపతుల వ్యూ. పాపం ఆయన పేరు చెప్పి ప్లానర్‌తో పోరాడుతున్నారు గానీ, ఈ విషయంలో ఆయనా కౌంటీ ఒకే పక్షం.

వ్యూ కోరుకోవడం తప్పని నేననను. అంత డబ్బు పోసింది రాత్రిపూట ఆ లైట్లు చూడటానికే అయితే ఆ మాట ఇంట్లో పైకి చెప్పుకోండి. కాకపోతే మీకు ఊరంతా కనిపిస్తే ఊరంతటికీ మీరు కనిపిస్తారు, దీనికి మందు లేదు. మధ్యేమార్గం ఉంది. ఇంటిని గుట్ట నెత్తి నుంచి ఊరి వైపే కొంత కిందకు దించి, వాలుకు తగ్గట్టు మెట్లు మెట్లుగా కట్టి, కొప్పు గుట్ట అంచు కన్నా కిందే ఉండేలా చూడటం. అప్పుడు వెనక కొండ ఉంటుంది, ముందు లైట్లుంటాయి. దారి పైనుంచి వస్తుంది కాబట్టి గుమ్మం తూర్పుకే ఉంటుంది. నైరుతి పల్లం మాత్రం తప్పదు. దాన్ని మట్టి పోసి మెరక చేద్దామని మామగారు అంటే ఒప్పుకోకండి. ఈ కౌంటీలో 150 క్యూబిక్ యార్డుల తవ్వకం గానీ పూడిక గానీ దాటితే గ్రేడింగ్ (నేల తవ్వి చదును చేసే) అనుమతి కావాలి. పది యార్డుల టిప్పర్‌కు అది పదిహేను ట్రిప్పులే, ఇంటి పునాదికి ముందే అయిపోతుంది. వాలు 30 శాతం మించిన చోట కడితే దానికి వేరే పరిశీలన ఉంటుంది. మీరున్నది హేవర్డ్, కలవెరాస్ అనే భూకంప ఫాల్టుల నడుమ, మట్టి జారే గుట్టల్లో. గుట్ట నెత్తి, వెనక చదును, ఊరి వైపు దించిన చోటు, ఈ మూడింటిలో ఏది గట్టిదో వాస్తు కన్నా ముందు జియాలజిస్టు చెప్పాలి. ఆయన వెనక చదును పనికిరాదంటే నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టేయాల్సిందే.

ఊరి వైపు కట్టేటట్టయితే ఆ అద్దాల గోడ ఒక్కటి మానుకోండి. తెల్ల గోడ కన్నా అదే పెద్ద సమస్య. సాయంత్రం 101 మీద వెళ్తుంటే తూర్పు గుట్టల మీద ఒకటో రెండో కిటికీలు నిప్పు పెట్టినట్టు మెరుస్తుంటాయి, మీరూ చూసే ఉంటారు. పడమటి సూర్యుడు ఏటవాలుగా తగిలే అద్దాలవి. గోడంతా అద్దమైతే గోడంతా అలా మెరుస్తుంది. వేసవిలో ఆ ఎండకు హాల్లో కూర్చోలేక మీరే కర్టెన్లు మూసేస్తారు, ఇక వ్యూ ఎక్కడ? లోతైన వరండా వేసి దాని వెనక రెండు మూడు పెద్ద కిటికీలు పెట్టుకుంటే ఎండా రాదు, మెరుపూ ఉండదు. బయటి లైట్లన్నీ కిందకు చూసేలా, మూతలున్నవి పెట్టండి. మీ పైన మౌంట్ హామిల్టన్ మీద, చీకటి ఆకాశం అవసరమైన లిక్ అబ్జర్వేటరీ (నక్షత్రాలను పరిశీలించే కేంద్రం) 1888 నుంచి ఉంది. దాని కోసమే శాన్‌హోసే సిటీ ఒకప్పుడు వీధి దీపాలన్నీ ఆ పసుపు సోడియం లైట్లుగా మార్చింది. కాబట్టి ఇక్కడ లైట్ల గురించి అడగడం మీతో మొదలైంది కాదు. సోలార్ ప్యానెళ్ల గురించి బెంగ వద్దు. అందం పేరుతో వాటిని అడ్డుకోకుండా రాష్ట్ర చట్టమే ఉంది.

'చుట్టూ చెట్లు నాటి కప్పేస్తాం' అని ఆర్కిటెక్ట్ రాసి ఉంటే దాన్నే నమ్ముకోవద్దు. ప్లానింగ్ వాళ్లు చెట్లుండాలంటారు, ఫైర్ వాళ్లు చెట్లు తగ్గించమంటారు. ఇద్దరివీ నిజమే. 2020 ఆగస్టులో పిడుగులతో అంటుకున్న, ఎస్‌సీయూ అని పేరు పెట్టిన కార్చిచ్చు మంటలు మీ వెనక కొండల్లో దాదాపు 3,96,000 ఎకరాలు కాల్చి లిక్ అబ్జర్వేటరీ ఆవరణ దాకా వచ్చాయి. మంట వాలు మీద పైకి వేగంగా పాకుతుంది, గుట్ట నెత్తి ఆ లెక్కన కూడా మంచి చోటు కాదు. రాష్ట్ర నిబంధన ప్రకారం ఇంటి చుట్టూ 100 అడుగుల దాకా పొదలు, ఎండుగడ్డి తగ్గించాలి. గోడను ఆనుకుని మొక్కలు అసలు పెట్టకండి. ఉన్న ఓక్ చెట్లను మాత్రం కాపాడుకోండి. వాటి కింద లాన్ వేసి వేసవిలో నీళ్లు పెడితే వేళ్లు కుళ్లి చచ్చిపోతాయి. మీ ఇంటిని కప్పగలిగేవి ఇప్పటికే ఉన్న ఆ చెట్లే. ఈరోజు నాటింది మీ పిల్లలు కాలేజీకి వెళ్లే నాటికి ఎదుగుతుంది.

దారి గురించి ఎవరూ ముందు ఆలోచించరు. ఫైరింజన్ ఎక్కగలగాలి, వాలు 16 శాతం దాటకూడదు, డ్రైవ్‌వే 300 అడుగులు మించితే పైన బండి తిరగడానికి జాగా చూపించాలి. గుట్ట నెత్తిదాకా అలాంటి దారి వేస్తే ఇంటి కన్నా దారికే ఎక్కువ తవ్వకం కావచ్చు. కింద నుంచి చూసేవాళ్లకు ఇంటికన్నా ముందు ఆ గాటు కనిపిస్తుంది. మూడు చోట్లకూ దారి తవ్వకం ఎంతవుతుందో ఇంజనీర్‌తో ఉజ్జాయింపు లెక్క వేయించండి. సెప్టిక్‌కు నేల ఇంకుతుందా, బోరులో నీళ్లు సరిపోతాయా అన్నవి కూడా అప్పుడే.

అత్తామామల చిన్న ఇంటి గురించి మంచి కబురు. దాన్ని ఏడీయూగా (పెద్దింటి స్థలంలోనే కట్టే అదనపు చిన్న ఇల్లుగా) పెడితే రాష్ట్ర చట్టం ప్రకారం హియరింగ్ ఉండదు, పక్కాయన వ్యతిరేకించినా రాసిపెట్టిన కొలతలకు సరిపోతే ఇచ్చి తీరాలి. మామూలుగా 60 రోజుల గడువు. పెద్ద ఇంటితో పాటే పెడితే పెద్దింటి నిర్ణయం దాకా దాన్ని ఆపి ఉంచవచ్చు, కానీ అప్పుడు కూడా దానికి హియరింగ్ పెట్టకూడదు. అయితే ఫైర్ దారి, సెప్టిక్, గ్రేడింగ్ దానికీ వర్తిస్తాయి.

బార్న్ సలహా ఇచ్చిన ఫ్రెండ్‌తో స్నేహం ఉంచుకోండి, సలహా మాత్రం వద్దు. ముందు కట్టేసి తర్వాత ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవడం మనకు బీఆర్ఎస్ (కట్టడాల క్రమబద్ధీకరణ), ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) స్కీములతో అలవాటైన దారి. ఇక్కడ అలాంటి స్కీమ్ వస్తుందని కూర్చోవద్దు. ఫిర్యాదు చేయడానికి సిద్ధంగా పక్కాయన ఉన్నాడు. ఉల్లంఘన నోటీసు మీ టైటిల్ మీద రికార్డయిందంటే బ్యాంకు లోనూ కష్టం, అమ్మకమూ కష్టం. అన్నిటికన్నా ముఖ్యంగా, పశువుల కోసమని కట్టిన షెడ్డులో మనుషులు పడుకుంటుంటే మంటలొచ్చిన రాత్రి ఏమవుతుందో ఆలోచించండి. నిజంగా ఆవుల కోసమే షెడ్డు అయితే దాన్ని ఇప్పుడే ఈ ప్లాన్‌లో చూపించండి, ఇంటికి దగ్గరగా, అదే రంగులో.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం ఒకటుంది. ఏపీఎన్ ఉంది, ట్యాక్స్ కడుతున్నాం అన్నారు. ఏపీఎన్ పన్ను కోసం అసెసర్ (ఆస్తి విలువ కట్టే కౌంటీ అధికారి) ఇచ్చే నంబర్ మాత్రమే. ఆ ముక్క చట్టప్రకారం విడగొట్టిన లాట్ అనడానికి అది రుజువు కాదు. గుట్టల్లో పాత రాంచ్‌లను కుటుంబాలు కాగితాల మీద పంచుకున్న చోట ఈ తకరారు వస్తుంది. మీ ఎస్క్రో (కొనుగోలు నాటి) కాగితాల్లో సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్ (లాట్ చట్టబద్ధమని చెప్పే పత్రం) గానీ రికార్డయిన మ్యాప్ గానీ ఉందా చూడండి. లేకపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు అది తేల్చుకోండి. ఇదొక్క దానికి మాత్రం లాయర్ కావాలి. అలాగే భూమి విలియమ్సన్ యాక్ట్ (వ్యవసాయ భూమిని అలాగే ఉంచితే పన్ను తగ్గించే రాష్ట్ర చట్టం) కాంట్రాక్టులో ఉందేమో టైటిల్ రిపోర్టులో చూడండి. ఉంటే పన్ను తక్కువ, కానీ వ్యవసాయానికి తప్ప కట్టడాలకు పరిమితులుంటాయి. కాంట్రాక్టులోంచి బయటికి రావడానికి నోటీసు ఇచ్చినా ఏళ్లు పడుతుంది.

పక్కాయన దగ్గరికి ఈమెయిల్‌తో కాకుండా మీరే వెళ్లండి, మీవారిని వెంటబెట్టుకుని. 'మీకు అడ్డం అనిపిస్తోంది ఏది?' అని అడిగి వినండి. ఇలాంటప్పుడు ఇల్లు అని మొదలుపెట్టి చివరికి ట్రక్కుల దుమ్మో, రాత్రి లైటో, బోరు నీళ్లో అంటారు. ఆయన వ్యూ మీద ఆయనకు మామూలుగా చట్టపరమైన హక్కేమీ ఉండదు గానీ, ఆయన మాట రివ్యూ ఫైల్‌లోకి వెళ్తుంది. నిర్ణయం మీకు అనుకూలంగా వచ్చాక అప్పీలు చేసే వీలు కూడా ఆయనకుంటుంది. స్థలం మారుస్తున్నామని ప్లానర్ కన్నా ముందు ఆయనకు తెలిస్తే, ఆయన నుంచి వ్యతిరేకిస్తూ రెండో ఈమెయిల్ రాకపోవచ్చు.

ఈ వారం ప్లానర్‌కు ఒక చిన్న మెయిల్ పెట్టండి. మూడు చోట్లూ సర్వే మ్యాప్ మీద గుర్తు పెట్టి, 'అప్లికేషన్ మళ్లీ పెట్టే ముందు వీటి మీద మీ అభిప్రాయం కోసం సైట్ దగ్గర కలవగలరా' అని అడగండి. అందులోనే ఇంకో ప్రశ్న. డీ1లో ఇంటి విస్తీర్ణం పెరిగే కొద్దీ రివ్యూ అంచె మారుతుంది, మొదటి గీత 5,000 చదరపు అడుగుల దగ్గర ఉంది. మీరు 800 తగ్గించుకుంటే పని ఎంత తేలికవుతుందో, గ్యారేజీ లెక్కలోకి వస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పమనండి. పెద్దవాళ్లకు వేరే ఇల్లు వస్తున్నప్పుడు ఈ ఇల్లు ఇంత పెద్దది ఎందుకో మీవారినే అడగండి. జవాబు వచ్చి, జియాలజిస్టు ఒక చోటుకు సరేననే దాకా ఆర్కిటెక్ట్‌కు రెండో విడత డబ్బు కట్టకండి.